వేగస్ నరం కోస్తే కడుపులో యాసిడ్ ఎందుకు తగ్గుతుంది?

కడుపులో యాసిడ్ పెంచే గ్యాస్ట్రిన్ రక్తంలో తిరిగే హార్మోన్ కదా, మరి మెదడు నుంచి కడుపుకు వచ్చే వేగస్ నరం కోస్తే యాసిడ్ ఎందుకు తగ్గాలి అని అడిగారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నీట్ పిల్లలకు జువాలజీ చెబుతుంటాను. ఏటా ఎవరో ఒకరు ఈ డౌట్‌తో వస్తారు. నరాలు ఒక చాప్టర్‌లో, హార్మోన్లు ఇంకో చాప్టర్‌లో పెట్టి చదివిస్తే రాక ఏమవుతుంది!

గ్యాస్ట్రిన్‌ను తయారుచేసే జి కణాలు జీర్ణాశయం కింది భాగంలో ఉంటాయి. వాటి దగ్గరికే వేగస్ ఆదేశాలు మోసే నరాల కొసలు వస్తాయి. రంజాన్ నెలలో టోలీచౌకీ వైపు వెళ్తుంటే హలీమ్ వాసన తగిలితే చాలు, ముద్ద నోట్లో పడకముందే మెదడు నుంచి కబురు వెళ్తుంది. ఆ కొసలు జీఆర్‌పీ అనే పెప్టైడ్‌ను వదులుతాయి, దాంతో జి కణం గ్యాస్ట్రిన్ వదులుతుంది. నరాల కొసలు వదిలే ఇంకో రసాయనం ఎసిటైల్‌కోలిన్. దాన్ని అడ్డుకునే అట్రోపిన్ అనే మందు ఇచ్చినా ఈ దారి మూసుకోదు. తిన్నాకైతే ప్రొటీన్ ముక్కలు జి కణాన్ని నేరుగానే కదిలిస్తాయి.

ఇక యాసిడ్ తయారుచేసే పెరైటల్ కణం సంగతి. దానికి నరం నుంచి ఎసిటైల్‌కోలిన్, రక్తం నుంచి గ్యాస్ట్రిన్, పక్కనే ఉన్న ఈసీఎల్ కణాల నుంచి హిస్టమిన్ అనే రసాయనం అందుతాయి. గ్యాస్ట్రిన్ కూడా చాలావరకు ఆ ఈసీఎల్ కణాలను కదిలించడం ద్వారానే తన పని చేయించుకుంటుంది. ఇవన్నీ కలిసినప్పుడు ఒకదాని బలం ఇంకోదాన్ని పెంచుతుంది. నరం కోస్తే ఎసిటైల్‌కోలిన్ పోతుంది, మిగతా రెండింటికీ పెరైటల్ కణం మునుపటిలా స్పందించదు.

యాసిడ్ ఎక్కువైతే జీర్ణాశయంలోనే ఉండే డి కణాలు సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ వదిలి జి కణాన్ని అదుపు చేస్తాయి. యాసిడే తగ్గిపోతే ఆ అదుపూ సడలుతుంది. అందుకే వేగస్ కోశాక రక్తంలో గ్యాస్ట్రిన్ పెరుగుతుంది! పరీక్షలో 'తగ్గుతుంది' అనే ఆప్షన్ ఊరిస్తుంది, జాగ్రత్త.

మా పెద్దనాన్నకు అల్సర్ కోసం ఈ ఆపరేషనే చేశారు. డ్రాగ్‌స్టెట్ అనే సర్జన్ 1943లో చికాగోలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. నొప్పి పోయింది గానీ, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందనేవారు. అన్నం రాగానే జీర్ణాశయం పైభాగాన్ని సడలించేది కూడా వేగసే మరి. కింది భాగం నెట్టే శక్తీ తగ్గుతుంది కాబట్టి, బయటికి వెళ్లే దారిని వెడల్పు చేసేవారు. యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్రలు వచ్చాక అల్సర్‌కు ఈ కోత చాలా అరుదైపోయింది.