‘డౌట్’ అంటే సందేహమా, ప్రశ్నా?

‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అనడం తప్పా, ఆ మాటలో ‘బి’ ఎందుకు పలకదు అని అడిగారు. మొదటిదానికి నా అనుభవం నుంచే సమాధానం చెప్పగలను.

ఇంగ్లండులో పైచదువులకు చేరిన కొత్తలో, ఆచార్యులు బోర్డు మీద ఒక సిద్ధాంత నిరూపణ ముగించగానే, చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతిలో చెయ్యెత్తి ‘సార్, ఐ హ్యావ్ ఎ డౌట్’ అన్నాను. అర్థంకాని ఒక మెట్టును మళ్లీ వివరించమనడమే నా ఉద్దేశం. ఆయన మాత్రం తాను రాసినదానిలో నేను పొరపాటును శంకిస్తున్నానని భావించి, మొదటి పంక్తి నుంచి సరిచూడసాగారు. వినయంతో అడిగిన మాట ఆక్షేపణగా వినిపించినందుకు నేను ఎంతో నొచ్చుకున్నాను.

తెలుగులో ‘సందేహం’ అంటే తెలియక అడిగేదీ అవుతుంది, నమ్మలేకపోవడమూ అవుతుంది. బ్రిటిష్, అమెరికన్ వాడుకలో ‘డౌట్’కు ప్రధానంగా రెండో అర్థమే నిలిచింది. అయినా మన వాడుకను తప్పు అనడానికి నేను ఒప్పుకోను; ఇదే లాటిన్ మూలం నుంచి పుట్టిన స్పానిష్ ‘దుదా’ను అక్కడివారు నేటికీ ప్రశ్న అనే అర్థంలోనూ వాడుతారు. విదేశాల్లో మాత్రం ‘క్వశ్చన్’ అనడం క్షేమం.

ఆ మూలం ‘దుబితారె’. రెండు అనే అర్థమిచ్చే ‘దువొ’కు అది చుట్టం. మనసు రెండు దారుల మధ్య ఊగడమే సందేహమన్న ఈ ఊహ మనకూ కొత్త కాదు: అమరకోశం సందేహానికి పర్యాయపదంగా ‘ద్వాపర’ అన్న మాటను చెబుతుంది, అందులోని ‘ద్వా’ కూడా రెండే. లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘బ’కారం నోటి నుంచి జారిపోయింది, తరువాతి పండితులు లాటిన్ మీది గౌరవంతో దాన్ని రాతలో తిరిగి చేర్చారు గాని పలుకు మారలేదు. అప్పు అనే అర్థంలోని ‘డెట్’ కథా ఇదే.

పాత ఇంగ్లీషు వాడుకలో ‘డౌట్’కు భయమనే అర్థం కూడా ఉండేది. మన ‘శంక’ కూడా అంతే, అందులో సందేహమూ ఉంది, భయమూ ఉంది. అందుకే కాబోలు, స్కాట్లండ్ వాడుక నాకు తెలుగుకు దగ్గరగా తోస్తుంది: ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అని లండన్‌లో అంటే వాన రాదనుకుంటున్నానని అర్థం, సంప్రదాయ స్కాట్ పలుకుబడిలో అదే వాక్యానికి వాన వచ్చేలా ఉందని అర్థం.