హోటళ్ల గోడల మీద చెట్లు, పూల చిత్రాలే ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయి?

ప్రధాన కారణం, కొత్త ఊళ్లో దిగిన మనిషికి మనసు కుదుటపడాలి. పచ్చదనం ఆ పని చేస్తుందనడానికి ఆధారం ఉంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారు. అయితే అవి నిజమైన చెట్లు. గోడ మీది బొమ్మకూ అంత బలం ఉందని దాన్నిబట్టి చెప్పలేం.

హోటల్ గుర్తుండిపోవడం మరో కారణం. లాస్ వేగాస్‌లోని బెల్లాజియో హోటల్ లాబీ పైకప్పుకు గాజు కళాకారుడు డేల్ చిహులీ 1998లో అమర్చిన సుమారు 2,000 గాజు పూలను చూడటానికే చాలామంది వెళ్తారు.

మన దగ్గర ఇందుకు నాకు అన్నిటికంటే నచ్చేది శ్రీకాళహస్తి కలంకారీలో జీవవృక్షం అనే చెట్టు చిత్రం. కరక్కాయ, పాలు కలిపి నానబెట్టిన బట్ట మీద, బెల్లం, ఇనుము ఊరబెట్టి తీసిన నలుపుతో, వెదురు కలంతో గీస్తారు. దగ్గరికి వెళ్లి చూడండి, ఒక ఆకు మరో ఆకులా ఉండదు. కలం ఆగిన చోట గీత కాస్త లావవుతుంది. అచ్చు వేసిన పోస్టరులో ఆ ప్రాణం ఉండదు. గదికొక పోస్టరు తగిలించేకంటే లాబీలో ఇలాంటిది ఒక్కటి పెట్టడం ఎంతో మేలు. కానీ నేరుగా ఎండ పడితే సహజ రంగులు వెలిసిపోతాయి కాబట్టి, కిటికీకి దూరంగా, చెమ్మ లేని గోడకే తగిలించాలి.