గైడ్ వద్దంటుంటే ఓపెన్ సైన్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? నా అనుభవం

మీరు పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నారు. ప్రీప్రింట్ (జర్నల్ రివ్యూ పూర్తికాకముందే పేపర్‌ని ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టడం) పెడదాం, డేటా అందరికీ అందుబాటులో ఉంచుదాం అంటే మీ గైడ్ గారు "ఎవరో ఒకరు కొట్టేస్తారు, వద్దు" అన్నారు. మన ల్యాబుల్లో ఈ ఓపెన్ సైన్స్ అసలు కుదిరే పనేనా అని అడిగారు. కుదురుతుంది. కాకపోతే డేటాతో కాదు, ప్రొటోకాల్‌తో, అంటే ప్రయోగం ఎలా చేయాలో ఒక్కో అడుగూ చెప్పే రాతతో మొదలుపెట్టమంటాను. ఎందుకో చెప్పాలంటే నాకు జరిగింది చెప్పాలి.

నాది సెల్ బయాలజీ. పీహెచ్‌డీ హైదరాబాద్‌లో చేశాను. నేనూ రెండో ఏడాదిలో ఉన్నప్పుడే ఒక మెంబ్రేన్ ప్రొటీన్‌ని (కణం పొరలో ఉండే ప్రొటీన్) వెస్టర్న్ బ్లాట్‌లో చూడాల్సి వచ్చింది. అంటే ప్రొటీన్లని జెల్‌లో విడదీసి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో ఒక గీతలా (బ్యాండ్) కనిపించేలా చేయడం. మంచి జర్నల్‌లో వచ్చిన పేపర్లో ఆ బ్యాండ్ ఎంతో స్పష్టంగా ఉంది. నాకేమో ఎన్నిసార్లు చేసినా జెల్ పైఅంచున ఒక నల్లటి మరక, రావాల్సిన చోట ఖాళీ. యాంటీబాడీ మార్చాను, బఫర్ మార్చాను, కొత్త సెల్స్ పెంచాను. ఆ పేపర్లో ప్రయోగ పద్ధతులు రాసే మెథడ్స్ భాగం తిరగేస్తే "ఇంతకుముందు వివరించిన విధంగా" అని ఒక పాత పేపర్ పేరు ఇచ్చారు. అది తీస్తే దానికంటే పాతదాని పేరు. ఆ మూడోది డబ్బు కడితేగానీ తెరుచుకోదు, మా లైబ్రరీకి ఆ జర్నల్ రాదు. విదేశంలో ఉన్న ఫ్రెండ్ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపింది. తీరా చూస్తే అందులోనూ లేదు. రచయితలకు మూడు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు.

అలా నాలుగు నెలలు పోయాయి. తర్వాత ఒక కాన్ఫరెన్స్‌లో టీ తాగుతూ ఈ గోడు చెప్పుకుంటుంటే, అలాంటి ప్రొటీన్ల మీదే పనిచేసే ఒక పోస్ట్‌డాక్ అక్క "శాంపిల్ మరిగిస్తున్నావా?" అని అడిగింది. అందరూ చేసేదే కదా, 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు. "మెంబ్రేన్‌లోంచి చాలాసార్లు దూరి వచ్చే ప్రొటీన్లని మరిగిస్తే ముద్దకట్టేస్తాయి, జెల్‌లోకి దిగవు. 37 డిగ్రీల్లో అరగంట ఉంచి చూడు" అంది. వారం తిరక్కుండా బ్యాండ్ వచ్చింది. ఆ రోజు నాకు సంతోషం కంటే బాధే ఎక్కువ కలిగింది. "మరిగించవద్దు" అన్న ఒక్క మాట ఆ మూడు పేపర్లలో ఎక్కడా లేదు. నాకైతే ఆ అక్క దొరికింది. కాన్ఫరెన్స్‌కి వెళ్లడానికి డబ్బుల్లేని ఎమ్మెస్సీ అమ్మాయికి ఎవరు దొరుకుతారు?

ఆ నెలలోనే మా గైడ్ మేడమ్‌ని అడిగి, ఆ ప్రొటోకాల్‌ని ఒక్కో అడుగూ రాసి ప్రొటోకాల్స్ డాట్ ఐఓ అనే వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాను. ఎంత వేడి, ఎంతసేపు, ఎక్కడ చెడిపోతుంది, అన్నీ. మేడమ్ అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే అందులో దొంగిలించడానికి ఏమీ లేదు. మీ గైడ్ గారు కూడా దీనికి ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఇక కొట్టేస్తారన్న భయం గురించి. అది ఉత్త భయం అని నేను అనను, పోటీ ఎక్కువున్న టాపిక్‌లో ఆ టెన్షన్ నిజమే. కానీ ప్రీప్రింట్ మీద తేదీ ఉంటుంది, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు నంబరు) ఉంటుంది. ఈ పని ముందు ఎవరు చేశారో లోకానికి కనిపిస్తుంది. ఫిజిక్స్ వాళ్లు 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ప్రీప్రింట్ సైట్‌లో ఇదే చేస్తున్నారు, మన బయాలజీ వాళ్లకి బయోఆర్కైవ్ 2013లో వచ్చింది. పేపర్ రివ్యూయర్ల దగ్గర నెలల తరబడి ఉన్నప్పుడు మీ చేతిలో ఏ ఆధారమూ లేకపోవడమే నా దృష్టిలో పెద్ద ప్రమాదం. రెండు చోట్ల మాత్రం ఆగండి: పేటెంట్ ఆలోచన ఉంటే ముందు అప్లికేషన్ వేయాలి, పేషెంట్ల డేటా అయితే వాళ్ల అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా పెట్టకూడదు.

"వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, ఇంకా ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లూ ఉన్నారు. సంస్థలన్నిటి తరఫునా కేంద్రమే జర్నల్స్‌కి చందా కట్టే పథకం అది. 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించింది, మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. మంచి పనే. కానీ అది మొదలైంది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే. అప్పుడు ప్రైవేటు కాలేజీ పిల్లలు బయటే ఉండిపోయారు. పోనీ మన పేపర్‌ని మనమే డబ్బు కట్టి అందరికీ ఫ్రీగా ఇద్దామా అంటే, నేచర్ జర్నల్ 2020లో ప్రకటించిన రేటు ఒక్కో పేపర్‌కి 9,500 యూరోలు. నెలకు 37,000 రూపాయలు వచ్చే జేఆర్ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) అది దాదాపు రెండేళ్ల ఫెలోషిప్. అందుకే యాక్సెప్ట్ అయిన మాన్యుస్క్రిప్ట్‌ని రిపాజిటరీలో (పేపర్లు అందరికీ ఫ్రీగా దొరికేలా దాచే ఆన్‌లైన్ చోటు) పెట్టే దారి మనకు మేలు. మీ ప్రాజెక్ట్‌కి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) గానీ సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం (డీఎస్టీ) గానీ డబ్బిస్తుంటే, అలా పెట్టమని 2014 నుంచీ వాళ్ల పాలసీలోనే ఉంది. గైడ్ గారికి ఆ కాగితం చూపించండి.

డేటా దగ్గర నాకు తెలిసొచ్చింది ఇంకొకటి. జెనోడోలో (డేటాని అందరికీ అందుబాటులో ఉంచే సైట్) పెట్టే ముందు మా ఎక్సెల్ ఫైల్‌ని, ప్రాజెక్ట్ గురించి ఏమీ తెలియని జూనియర్‌కి ఇచ్చి "దీన్నిబట్టి రెండో ఫిగర్ గీయగలవా?" అన్నాను. పది నిమిషాల్లో వచ్చి "అక్కా, ఈ జీన్ పేరు 9-సెప్ ఏంటి?" అంది. సెప్ట్9 అని టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని సెప్టెంబర్ 9గా మార్చేసింది. అది అంతకు ఏడాది ముందు నుంచీ నా ఫైల్లో ఉంది, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఈ తప్పు ఎంత మామూలంటే, జీన్ల లిస్టులు ఎక్సెల్లో ఇచ్చిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఇలాంటివి ఉన్నాయని 2016లో ఒక పరిశోధన తేల్చింది. చివరికి 2020 నాటికి ఆ జీన్ల పేర్లనే సెప్టిన్9 లాగా మార్చారు. మా ఫలితం మారలేదు. కానీ ఇంకొకరు చదువుతారని ఫైల్ సిద్ధం చేయకపోతే ఆ తేదీ అలాగే థీసిస్‌లోకి వెళ్లేది.

మా మేడమ్‌తో చివరికి కుదిరిన ఒప్పందం ఇది: జర్నల్‌కి సబ్మిట్ చేసిన రోజే ప్రీప్రింట్, డేటా జెనోడోలో పెట్టినా యాక్సెప్ట్ అయ్యేదాకా తాళం వేసి ఉంచడం. జెనోడోలో ఆ సౌకర్యం ఉంది. జర్నల్ ప్రీప్రింట్‌ని ఒప్పుకుంటుందో లేదో దాని పాలసీ పేజీలో ముందే చూసుకున్నాం. మీరు కూడా రేపు గైడ్ గారి దగ్గర ప్రీప్రింట్ ఊసు ఎత్తకుండా, "ఈ ప్రొటోకాల్ రాసి పెట్టనా?" అని మాత్రం అడిగి చూడండి. మీ సబ్జెక్ట్ ఏదో, ఏ జర్నల్ అనుకుంటున్నారో కింద రాస్తే ఇంకా వివరంగా చెప్తాను.