కంచె ఎవరు వేశారో అడుగు

చి. అమ్మాయికి,

నువ్వు పంపిన ఇరవై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి పడక్కుర్చీలో, రెండోసారి పెన్సిలు పట్టుకుని. తెనాలిలో నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్లవి, ఫిలిప్పీన్స్ కొండల్లోని అమ్మ పుట్టింటి కథని తెలుగులో రాయడానికి కూర్చున్నావంటే ముచ్చటేసింది. ముచ్చట అక్కడితో సరి. ఇక చీవాట్లు.

"మా తాతగారు ఇగొరోట్ జాతి ముద్దుబిడ్డ, అలుపెరుగని న్యాయయోధుడు" అని ఎత్తుకున్నావు. శిలాఫలకం మీద చెక్కించే మాట ఇది. తొమ్మిదో పేజీలో ఎక్కడో బ్రాకెట్లో పడేశావు అసలు సంగతి: మనీలాలో లా చదవడానికి వెళ్తే అద్దెగది యజమానురాలు "మీ కొండవాళ్ళకి తోకలుంటాయటగా" అని అడిగిందనీ, ఈయన "ఊళ్ళో వదిలేసి వచ్చానండీ" అన్నాడనీ. అక్కడ మొదలెట్టు. ఆ తోకకి పెద్ద చరిత్రే ఉంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌కి మీవాళ్ళని, అంటే ఇగొరోట్ కొండజనాన్ని, తీసుకెళ్ళి, పల్లె సెట్టింగు వేసి, టిక్కెట్టు పెట్టి చూపించారు. 1943లో కార్లోస్ రోములో, తర్వాత ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీకి అధ్యక్షుడైన పెద్దమనిషి, ఇగొరోట్లు ఫిలిప్పినోలే కారని అచ్చులో రాశాడు. ఆ గాలి పీల్చి పెరిగిన కుర్రాళ్ళ పక్క బెంచీలో మీ తాత కూర్చున్నాడు. ఇదంతా నీకు తెలిసుండాలి. పేజీ మీద మాత్రం యజమానురాలి ప్రశ్న చాలు.

కరీన్యో కేసుని ఒక్క పేరాలో ముగించావు, అదీ లా గైడులోంచి ఎత్తి రాసినట్టు. నేను పదకొండేళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేసినవాణ్ణి, తీర్పులు చదవడం పాత జబ్బు. 1909 నాటి ఆ తీర్పు వెతికించుకుని చదివాను. మతేయో కరీన్యో ఇబలోయ్ మనిషి, అదీ ఇగొరోట్లలో ఒక తెగే. బాగియోలో 146 హెక్టార్లు తరతరాలుగా వాళ్ళ చేతిలో ఉంది. స్పెయిన్ ఏలిన కాలం నాటి పట్టా ఏదీ లేదు కాబట్టి నేల సర్కారుదే అన్నారు. ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు కూడా సరేనంది. అప్పట్లో ఫిలిప్పీన్స్‌ని ఏలేది అమెరికా కాబట్టి కేసు అక్కడి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అక్కడ జస్టిస్ హోమ్స్ ఒప్పుకోలేదు. సాక్ష్యంగానీ జ్ఞాపకంగానీ ఎంత వెనక్కి వెళ్ళగలిగితే అంత వెనక నుంచీ జనం సొంతమనుకుని అనుభవిస్తున్న నేల, స్పెయిన్ రాకముందు నుంచీ వాళ్ళదేనని ఎంచాలి, అది ఏనాడూ సర్కారీ భూమి కాదనుకోవాలి అన్నాడు. మీ తాతగారు ప్రతి దావాలోనూ ఈ మాటే పట్టుకు వేలాడారని రాశావు. కేసు గెలిచినంత మాత్రాన కరీన్యో కుటుంబానికి ఆ నేల చేతికి రాలేదు, అది ఇంకో ఏడుపు.

నేను పెన్సిలు ఆపింది దానికన్నా ముందు, తీర్పు మొదట్లోనే. అక్కడ ఒక తాత ఉన్నాడు. కరీన్యో తాత ఆ నేల మీద కాపురం ఉన్నాడు, పశువులు నిలవడానికి కంచెలు వేసుకున్నాడు, వాటిలో కొన్ని ఇంకా పాతవట. తండ్రి కొంత సాగు చేశాడు, కొంత మేతకి వదిలాడు. పొగడ్త ఒక్కటీ లేదు. ఆ కంచెల మీదే కేసు నిలబడింది. గుమాస్తాగిరీ రోజుల్లో రంపచోడవరం వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన "కాగితం లేదు బాబూ, మా తాత పెట్టిన చింతచెట్టుంది" అన్నాడు. మా ప్లీడరుగారు విసుక్కున్నారు. నేనూ ఆ చెట్టుని అర్జీలో ఎక్కించలేదు. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

నీ డ్రాఫ్టులో కంచె ఏదమ్మా?

నా లెక్కలో అది మీ అమ్మమ్మ దగ్గరుంది. ఆమెకి నువ్వు కేటాయించింది ఒక్క వాక్యం: "ఆయన విజయాల వెనక మా అమ్మమ్మ త్యాగం ఉంది." కొట్టెయ్. ఫోన్లో నాకు ఎన్ని చెప్పావు! ఫీజు కింద కక్షిదారులు ఏటగ్ తెచ్చి ఇస్తుంటే, ఆ ఉప్పు పట్టించిన పందిమాంసం వేలాడదీయడానికి వంటింట్లో చోటు చాలక, ఆయన లా పుస్తకాల అలమరకే మేకులు కొట్టిందన్నావు. పుట్టింటి నుంచి వచ్చిన మెట్ల మడి పెళ్ళయ్యాకా ఆమెదేనట, మనవైపు పసుపుకుంకాల పొలంలాగా. 1975లో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ తెచ్చిన అటవీ చట్టం, 18 శాతం, ఆపైన వాలున్న నేలకి పట్టా పుట్టదంది. అంటే నూరడుగులు ముందుకి పోతే పద్దెనిమిది అడుగులు పైకెక్కే నేల. మీ అమ్మమ్మవాళ్ళ బొంటోక్ కొండల్లో అంతకన్నా చదునైన చోటు ఎంతుంటుంది? ఊరందరి మడుల కోసం వాయిదాలకి తిరిగిన ప్లీడరు, పెళ్ళాం మడికి పన్ను రశీదు తప్ప ఏ కాగితమూ తేలేకపోయాడు. ఆ రశీదు చేతిలో పెడితే ఆమె ఏమంది? నువ్వు అడగనేలేదు.

అటో గురించి బాగా రాశావు. రాళ్ళు పరిచిన ఆ రచ్చబండ దగ్గర పెద్దలు తగువు తీరుస్తుంటే, మనీలా చదువు చదివొచ్చిన మీ తాత నోరు మూసుకుని వినడం, డ్రాఫ్టు మొత్తంలో నాకు గాలాడిన చోటు అదే. అక్షరం మాత్రం జాగ్రత్త. మన ప్రూఫ్‌రీడర్ల చేతిలో పడితే ఆటో అయి కూర్చుంటుంది.

చికో నది ఆనకట్టల గొడవ ఆరు పేజీలు సాగింది. ఆ ఆనకట్టల్ని ఎదిరించిన కొండజనం నాయకుడు మక్లీయింగ్ డులాగ్‌ని 1980 ఏప్రిల్ 24న సైనికులు కాల్చి చంపిన సంగతి చాలామంది చెప్పారు, ఇంకా చెప్తారు. ఒక పేజీకి కుదించి, ఆ కబురు బొంటోక్ చేరేసరికి మీ తాత ఏం చేస్తున్నాడో కనుక్కో.

ఓడిపోయిన చోట మాత్రం గబగబా దాటేశావు. "స్వయంప్రతిపత్తి కోసం జీవితాంతం కృషి చేశారు" అట. కృషి సరే, ఫలితం? 1990 జనవరి 30న మీ కొండప్రాంతం కొర్డిలెరా స్వయంపాలన మీద జనాన్ని ఓటు అడిగితే, ఇఫుగావో ప్రావిన్సు ఒక్కటి తప్ప బాగియో నగరంతో సహా అందరూ వద్దన్నారు. ఒక్క ప్రావిన్సుతో ప్రాంతం ఏర్పడదని సుప్రీంకోర్టు తేల్చేసింది. 1998లో మళ్ళీ అడిగితే ఈసారి అపయావో ఒక్కటే ఔనంది. ఊరూరా తిరిగి "ఔననండి" అని బతిమాలిన ప్రొవిన్షియల్ బోర్డు సభ్యుడికి, అంటే మీ తాతకి, సొంత ఊరే చెయ్యిచ్చింది. ఆ మొదటిసారి మీ అమ్మమ్మ కూడా "వద్దు" అనే వేసిందని నాకు నవ్వుతూ చెప్పి, కాగితం మీద దాచావు. తాత పరువు పోతుందనా? లాయరూ, నాయకుడూ నీ పేజీల్లో పుష్కలంగా ఉన్నారు. మొగుడు ఆ ఓటు దగ్గర మాత్రమే కనిపిస్తాడు.

లోలో అనాలా, తాతయ్య అనాలా అని అడిగావు. నోరారా ఎలా పిలిచేదానివో అలాగే రాయి. పాఠకుడు మొదటిసారి తడబడతాడు, మూడోసారికి వాడికీ లోలో అయిపోతాడు. మరి ఆయన లోలో అయితే ఆమె లోలా కావాలిగా. నేనంటే పరాయివాణ్ణి, అమ్మమ్మ అంటున్నాను.

డిసెంబరులో వెళ్తున్నావు కదా. మొదటి రెండు రోజులూ ఫోన్ రికార్డింగు పెట్టకు. ఆమె మోకాళ్ళు సహకరిస్తే మడి దాకా తీసుకెళ్ళమను, గట్టు రాళ్ళు ఎవరు పేర్చారో అడుగు. మర్నాడు ఏటగ్ వండుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చో. ఆ ఓటు సంగతి లోలోకి ఎప్పుడైనా తెలిసిందా అని అడుగు. సంక్రాంతి లోపు నాకు రాయి.

ఆశీస్సులతో ఉంటాను.