ఆకులు ఊదే యంత్రం కొనబోతున్న అల్లుడికి

మహబూబ్‌నగర్

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీస్సులు.

నల్లగొండ శివారులో నీవు నడుపుతున్న ఫంక్షన్ హాలు ఆవరణలో వేపలు, కానుగలు, రావిచెట్లు కలిసి మాఘ ఫాల్గుణాల్లో రాల్చే ఆకును ఊడ్చలేక ఇద్దరు ఆడమనుషులు పొద్దంతా పొరకలు పట్టుకొని ఉండవలసి వస్తున్నదని, అందువల్ల ఊదడం, పీల్చడం రెండూ చేసే పెట్రోలు యంత్రం కొందామనుకుంటున్నావని రాశావు. ముప్పై ఏళ్లు కాలేజీ తోటల పని చూసినవాణ్ని, ఇటువంటి యంత్రాలు మూడింటిని వాడి అందులో ఒకదాన్ని చేజేతులా పాడుచేసుకున్నవాణ్ని కనుక, నీవు అడిగినదానికన్నా కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

అమెరికాలో ఉన్న నీ చెల్లెలు పంపిన వీడియోలో దీన్ని గ్యాస్ బ్లోయర్ అన్నారని సిలిండరుతో నడిచేదాని కోసం దుకాణాల్లో వెతకవద్దు. అక్కడివాళ్లు పెట్రోలునే గ్యాస్ అంటారు. దీని లోపల ఉండేది మన రైతులు వీపున కట్టుకొని మందు కొట్టే పవర్ స్ప్రేయరులో ఉండే టూ స్ట్రోక్ ఇంజను వంటిదే. కాబట్టి స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్కు దీన్నీ విప్పి చూడగలడు.

అసలు సంగతి ఇది: దీన్ని ఊదడానికి కొనాలి, పీల్చడాన్ని కొసరుగా చూసుకోవాలి. రెండు పనులూ చేసేది ఒకే ఫ్యాను. ఊదేటప్పుడు ఆ ఫ్యాను గాలిని సన్న గొట్టం గుండా బయటికి తోస్తుంది. పీల్చేటప్పుడు, గాలి లోపలికి పోయే వైపు వెడల్పు గొట్టం బిగించి, బయటికి వచ్చే వైపు సంచి కడతారు కనుక, నేల మీది ఆకు ఫ్యాను రెక్కల నడుమ నుంచే పోయి నలిగి సంచిలో పడుతుంది. పది సంచుల ఆకు ఒక్క సంచి అవుతుందని, పదహారు ఒకటవుతుందని కంపెనీలు రాసుకుంటాయి. అది కరకరలాడే ఎండుటాకుకు చెల్లే లెక్క. ఆకుతో పాటు వచ్చిన ప్రతి వస్తువూ ఆ రెక్కలకు తగులుతుందని మాత్రం అవి అంత పెద్ద అక్షరాలతో రాయవు. నీ ఆవరణలో సగం మొరం పోసిన నేల. అక్కడ పీల్చే గొట్టం పెడితే గులకరాయి లోపలికి పోయి ప్లాస్టిక్ ఫ్యాను రెక్క విరగడానికి ఒక్క పూట చాలు. ఫంక్షన్ హాలులో దానికి తోడు పూలదండల దారాలు ఉంటాయి. ఒక్క దారం ఫ్యాను ఇరుసుకు చుట్టుకుంటే విప్పడానికి గంట పడుతుంది. కానుగ కాయలు, ప్లాస్టిక్ గ్లాసులు, పాలిథీన్ కవర్లు సరేసరి. బాదం ఆకు, టేకాకు వెడల్పువి కనుక గొట్టం మూతికే అడ్డం పడతాయి. అందుచేత పీల్చే పనిని సిమెంటు చేసిన ముందు వాకిలికి, గడ్డి పెంచిన చోటికి మాత్రమే ఉంచుకుని, మిగిలిన చోట ఊది కుప్ప చేసి, పరదా మీదికి తోసి ఎత్తుకోవడం మేలు.

కొనేటప్పుడు 25 నుంచి 28 సీసీ ఇంజను ఉన్న, చేత పట్టుకునే రకం నీకు సరిపోతుంది. వీపున మోసే పెద్దవి ఎకరాలకు ఎకరాలు ఊడ్చేవారికి. దుకాణంలో గాలి వేగం ఒక్కటే గొప్పగా చెబుతారు కానీ, నిమిషానికో గంటకో ఎంత గాలి వస్తుందన్న రెండో అంకె కూడా అడుగు. వేగం నేలకు అతుక్కున్న ఆకును లేపుతుంది, కుప్పను ముందుకు జరిపేది మాత్రం గాలి పరిమాణమే. ఫ్యాను లోహానిదా ప్లాస్టిక్‌దా, పీల్చే గొట్టం, సంచి వెంట వస్తాయా, వేరుగా కొనాలా అన్నది బిల్లు రాయకముందే తేల్చుకో. పెట్రోలు పోసి దుకాణం ముందే స్టార్టు చేయించి, పట్టీ భుజాన వేసుకుని పది నిమిషాలు పట్టుకుని నిలబడు. నాలుగు నుంచి ఆరు కిలోల బరువు మొదటి నిమిషంలో తెలియదు, పదో నిమిషంలో మణికట్టుకు తెలుస్తుంది. స్టార్టరు తాడు, కార్బురేటరు డయాఫ్రం, ఎయిర్ ఫిల్టరు వంటి విడిభాగాలు నల్లగొండలోనో హైదరాబాదులోనో దొరకని యంత్రాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఇక నేను పాడుచేసిన యంత్రం కథ. టూ స్ట్రోక్ ఇంజనుకు వేరే ఆయిల్ గది ఉండదు. పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే దాని ప్రాణం. 50:1 అని పుస్తకంలో ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు కలపాలి. ఒకనాడు నేను ఊరెళ్లినప్పుడు మా తోటమాలి, పక్కనే ఉన్న మోటారు సైకిలు పెట్రోలు డబ్బా తీసి నిండా పోశాడు. అరగంటలో పిస్టను పట్టేసింది, బాగుచేయించిన ఖర్చు యంత్రం ధరలో సగం దాటింది. తప్పు అతనిది కాదు, రెండు డబ్బాలూ ఒకే రంగువి, దేని మీదా పేరు లేదు. నీవు మిశ్రమం డబ్బాకు ఎర్ర పెయింటు వేసి, ఎంతకు ఎంత కలిపినదో దాని మీదే రాయించు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఎథనాల్ ఉంటున్నది. చాలా కంపెనీల పుస్తకాల్లో 10 శాతం మించవద్దని ఉంటుంది కాబట్టి, నీవు కొనే మోడలుకు ఏది చెల్లుతుందో డీలరు చేత రాయించుకో. ఎథనాల్ గాలిలోని చెమ్మను లాగుతుంది, నిలవ ఉంటే రబ్బరు గొట్టాలను, డయాఫ్రంను పాడుచేస్తుంది. కలిపినది నెల దాటి ఉంచవద్దు. ఆకు రాలే కాలం ముగిసి యంత్రాన్ని అటక ఎక్కించేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంత తాను ఆగిపోయేదాకా నడిపి అప్పుడు మూట కట్టు.

వాడేటప్పుడు నీకు అసలు శత్రువు ఆకు కాదు, దుమ్ము. మన చెలక నేలల ఎర్రదుమ్ము సగం ఇంజను ఫిల్టరులోకి, సగం పక్కింటివారు ఆరేసిన బట్టల మీదికి పోతుంది. అందుకని ముందురోజు సాయంత్రం మొరం నేల మీద తేలికగా నీళ్లు చల్లించు. బాగా తడిపితే ఆకు నేలకు అంటుకుని రెండింతల పని అవుతుంది. తెల్లవారి మంచు ఆరిన తరువాత, గాలి ఏ దిక్కుకు వీస్తుందో చూసుకుని దాని వెంటే ఊదాలి. గాలికి ఎదురు ఊదినవాడికి కంటి నిండా దుమ్మే. గొట్టాన్ని నేలకు జానెడు ఎత్తులో వాల్చి పట్టుకుని, నిదానంగా అటూ ఇటూ తిప్పుతూ సగం వేగంతో నడిపితే చాలు, పూర్తి వేగం మూలల్లో ఇరుక్కున్న తడి ఆకుకే అవసరం. ఫిల్టరును మన దగ్గర రోజూ దులపవలసిందే. గొట్టంలో ఆకు ఇరుక్కుంటే ఇంజను ఆపి, ప్లగ్గు టోపీ ఊడదీసి, ఫ్యాను పూర్తిగా నిలిచాక మాత్రమే చేయి పెట్టాలి. వేడి మీద ఉన్న ఇంజనులో పెట్రోలు పోయవద్దు, ఎండుటాకుల కుప్ప మీద యంత్రాన్ని దించవద్దు. వేసవిలో సైలెన్సరు వేడికి ఆకు అంటుకోవడం పెద్ద వింత కాదు. హాలు లోపల, తలుపులు మూసిన చోట దీన్ని ఎన్నడూ నడపవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. లోపలి మూలలకు కరెంటుతో నడిచే చిన్న బ్లోయరు చాలు.

చప్పుడు సంగతి తేలికగా తీసుకోవద్దు. 85 డెసిబెల్స్ దాకా ఎనిమిది గంటలు చెవి ఓర్చుకుంటుందని, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని లెక్క. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. ఈ యంత్రం పట్టుకున్నవారి చెవి దగ్గర ఇంచుమించు అంత మోగుతుంది కనుక చెవులకు మఫ్సు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు లేనిదే తాడు లాగనివ్వకు. ఉదయం 6 గంటలకు ముందు, రాత్రి 10 తరువాత నడపడం మన దేశపు శబ్ద నిబంధనలకు విరుద్ధం అవుతుంది, పడుకున్న ఇరుగుపొరుగుకు అంతకన్నా విరుద్ధం. పొగ కూడా తక్కువేమీ కాదు. కాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు లెక్కలో, పెద్ద పెట్రోలు బ్లోయరు గంటసేపు వదిలే, పొగమంచు (స్మాగ్) కలిగించే కాలుష్యం 2016 నాటి టయోటా క్యామ్రీ కారు సుమారు 1,770 కిలోమీటర్లు నడిచినప్పటి కాలుష్యంతో సమానం. వాషింగ్టన్ నగరంలో 2022 జనవరి నుంచి ఈ పెట్రోలు బ్లోయర్ల వాడకాన్నే నిషేధించారు. కనుక పెట్రోలు యంత్రాన్ని ఆకు రాలే ఆ ఎనిమిది వారాలకే పరిమితం చేసి, మిగతా ఏడాది పొరకతోనే కానివ్వు.

ఆ ఇద్దరు ఆడమనుషులను మానిపించే ఆలోచన ఉంటే విరమించుకో. యంత్రం రాగానే పనివాళ్లలో ఎవరో కుర్రవాడి చేతికి ఇవ్వడం అందరికీ అలవాటు. కానీ ఏ మూల రాయి ఉన్నదో, ఏ చెట్టు ఎప్పుడు రాల్చేదో తెలిసినవారు వారే కాబట్టి వారికే నేర్పు, వారి కూలీ కొంచెం పెంచు.

నలిగిన ఆకును కాల్చవద్దు. అది ముక్కలుగా ఉంటుంది కనుక పేడనీళ్లు చల్లి మగ్గబెడితే త్వరగా ఎరువవుతుంది, లేదంటే నేరుగా నీ బత్తాయి పాదుల్లో పరిచినా తేమను ఆపుతుంది. అయితే మొదలుకు ఒక జానెడు వదిలిపెట్టి పరచాలి, మొదలు చుట్టూ తడి ఆకు నిలిస్తే బంక తెగులు పడుతుంది. ఎండుటాకు కుప్పలను చెట్ల బోదెలకు ఆనించి కూడా పెట్టవద్దు, చెదలు అక్కడే కాపురం పెడతాయి. 2018లో మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి, అంటే ఆ పాత పెద్ద మర్రిచెట్టుకు, చెదలు పట్టి, సెలైన్ సీసాలతో మందు ఎక్కించవలసి వచ్చినప్పుడు మనమిద్దరం వెళ్లి చూశాము కదా, ఆ దృశ్యం నాకు ఇంకా మరపు రాలేదు.

సంక్రాంతి వెళ్లిన వారానికి నేను నల్లగొండ వస్తాను. యంత్రం ఆలోపే కొన్నా పీల్చే గొట్టం పెట్టెలోంచి తీయకు. ముందు ఆ ముందు వాకిట్లో గులకరాళ్లు, దండల దారాలు ఏరించి ఉంచు.

ఇట్లు,
నీ మేనమామ