అమ్మలూ, జున్ను ఆపరేషన్ గురించి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. జున్నుకి పొట్ట కింద గడ్డ లేచిందట, క్యాన్సర్ అన్నారట, వచ్చే వారం ఆపరేషన్‌కి రోజు కూడా ఖాయం చేసి ఆఫీసులో సెలవు పెట్టేశావట. "కుక్కకి ఇంత హడావిడి ఏంటక్కా, నువ్వైనా చెప్పు దానికి" అని వాడి గోల. చెప్తాలే అన్నాను. నేను చెప్పబోయేది వాడు అనుకున్నది కాదు. చిన్నప్పుడు బల్లిని చూసి మంచమెక్కిన పిల్లవి, ఇవాళ నీ జీతంతో పెంచుకున్న ప్రాణం కోసం ఎవర్నీ అడక్కుండా నిలబడ్డావంటే నాకు గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్లో చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని సగం వింటావు కాబట్టి వాట్సాప్‌లో ఇంత పొడుగు కొడుతున్నా. పూర్తిగా చదువు.

ముందు ఒక్క మాట చెప్పు. క్యాన్సర్ అని ఎలా తేల్చారు? చేత్తో తడిమా, మైక్రోస్కోప్‌లో చూశా? ఆడకుక్కలకి చన్నుల వరసలో వచ్చే గడ్డల్లో దాదాపు సగం ప్రమాదం లేనివే. మిగతా సగంలోనూ అన్నీ ఒంట్లో పాకిపోయేవి కావు. మూడు సెంటీమీటర్ల లోపు ఉండగా తీసేస్తే, పెద్దయ్యాక తీసినదానికన్నా చాలా మెరుగు. అంటే బెంబేలెత్తిపోవద్దు, అలాగని నెలలు నానబెట్టొద్దు. సూదితో కాస్త లాగి చూసే పరీక్ష చేయించావా? చన్ను గడ్డ మంచిదో చెడ్డదో అది ఖాయంగా తేల్చదు గానీ, అసలది చన్ను గడ్డేనా, చర్మంలో పుట్టిన ఇంకో రకమా, ఉత్త కొవ్వు గడ్డా అన్నది చాలావరకు చెప్తుంది. లాబ్రడార్లకి వయసు మళ్లాక కొవ్వు గడ్డలు మామూలే.

గడ్డ ఏ రకమో తెలియకుండా కత్తి పట్టించకూడదని ఎందుకంటున్నానంటే, మా ఎంవీపీ కాలనీ వీధిలో ఒక నల్లకుక్క ఉండేది, నువ్వూ బిస్కెట్లు వేసేదానివి. దానికి తోక కింద కాలీఫ్లవర్‌లా పుండు లేచి రక్తం కారేది. అందరూ క్యాన్సర్ అనేశారు, ఎవరో మహానుభావుడు ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయమన్నాడు కూడా. డాక్టరు సూది పరీక్ష చేసి, క్యాన్సరే కానీ జత కట్టినప్పుడు కుక్క నుంచి కుక్కకి అంటుకునే రకం అన్నారు. కోయనే లేదు. వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఆ పుండు కుంచించుకుపోయి మాయమైంది. ఆ మందు ఎక్కడిదనుకున్నావు, మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పూసే బిళ్ళగన్నేరు మొక్కలోంచి వచ్చిందే. (ఇది చదివి ఆ ఆకులు నూరి జున్నుకి పట్టేవు! ఆకు విషం. మందు వేరు, ఆకు వేరు.)

రక్త పరీక్షలు ఎలాగూ చేస్తారు. ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో మాత్రం నువ్వు నోరు తెరిచి అడుగు. మన వైజాగ్ ఉక్కకి పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. టిక్ ఫీవర్, అదే పిడుదుల జ్వరం, లోపల నక్కి ఉంటే కుక్క మామూలుగానే తిరుగుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, బల్ల మీద రక్తం ఆగదు.

ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఒకటి కాదు, మూడు. కుడి పక్కకి పడుకోబెట్టి ఒకటి, ఎడమ పక్కకి ఒకటి, వెల్లకిలానో బోర్లానో ఇంకొకటి. పక్కకి పడుకున్నప్పుడు కిందికి వచ్చిన ఊపిరితిత్తిలో గాలి తగ్గిపోతుంది, అందులో చిన్న మచ్చ ఉన్నా కనపడదు, అందుకే రెండు పక్కలా తీయాలి. "ఒకటి చాలమ్మా" అంటే మొహమాటపడకు. గజ్జల్లో, చంకల్లో గ్రంథులు కూడా తడిమి చూడమను. ఇప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకి ఉంటే, ఇంత పెద్ద కోత కోయించి ఉన్న కాస్త రోజులూ కుట్లతో గడిపించడం నాకు ఇష్టం లేదు. గడ్డ పగిలి పుండై బాధపెడుతుంటే ఉపశమనానికి తీయడం వేరే సంగతి. అలాగే, గడ్డలా కాకుండా ఆ వరసంతా ఎర్రగా, వేడిగా, గట్టిగా వాచిపోతే మాత్రం కత్తి పనికిరాదు, తెలిసిన డాక్టర్లు వాళ్లే వద్దంటారు. అప్పుడు ఆపరేషన్ చేయించలేదని నిన్నెవరైనా రాయిగుండె అంటే నా దగ్గరికి పంపు.

ఇంకొకరి మాట కూడా కావాలంటే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, విజయనగరం దాటాక. మద్రాసు వేపేరిలో కాలేజీ అయితే 1903 నుంచి ఉంది. జున్నుని అంత దూరం రైలెక్కించకు, కాగితాలూ ఎక్స్‌రేలూ పంపి అడగొచ్చేమో చూడు.

ఇక అసలు సంగతి. పింకీ నీకు లీలగా గుర్తుండాలి. మా తెల్ల పొమేరియన్, నువ్వొస్తే సోఫా కిందికి దూరేది. దానికీ ఇలాగే, వెనక కాళ్ల దగ్గర చివరి చన్ను పక్కన శనగగింజంత తగిలింది, చూస్తుండగా ఉసిరికాయంత అయింది. ఆపరేషన్ రోజు నాకు డ్యూటీ, కేజీహెచ్ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుకి కుక్క కోసం సెలవంటే ఎవరిస్తారు ఆ రోజుల్లో, మావయ్యే తీసుకెళ్లారు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి పింకీ తువ్వాల్లో పడుకుని మత్తుగా చూస్తోంది, కుట్లు శుభ్రంగా ఉన్నాయి, మావయ్య మొహం వెలిగిపోతోంది. "తీసేశారు, పీడా పోయింది" అన్నారు.

"గడ్డ ఏది?" అన్నాను.

"ఏ గడ్డ?"

"తీసిన గడ్డ."

"దాన్ని మనమేం చేసుకుంటామే?"

నా ఉద్యోగమంతా మనిషి ఒంట్లోంచి ఏది తీసినా, ఆఖరికి పాడైన అపెండిక్స్ అయినా, ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే మందు) డబ్బాలో వేసి పేరు రాసి ల్యాబ్‌కి పంపించడమే. నా ఇంట్లో కుక్క గడ్డ చెత్తబుట్టలోకి పోయింది! డాక్టరు అడిగాడట కూడా, "ల్యాబ్‌కి పంపమంటారా, దానికి వేరే ఖర్చవుతుంది" అని. అడిగిన తీరు అది. ఎందుకు పంపాలో చెప్పలేదు, ఖర్చు మాత్రం చెప్పాడు. తీసేశాక ఇంక పరీక్షెందుకని ఈయన వద్దన్నారు. నేను వెంటనే ఫోన్ చేస్తే కాంపౌండర్ ఎత్తి "చెత్త బండి వచ్చి వెళ్లిపోయిందమ్మా" అన్నాడు. ఆ ఊరూ పేరూ ఇప్పుడెందుకులే.

అది 2014 వేసవి. పింకీ చక్కగా కోలుకుంది. అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి గది నిండా నీళ్లొచ్చేస్తుంటే, ఆ పగలంతా మావయ్య దాన్ని లుంగీలో చుట్టుకుని బాత్రూంలో కూర్చున్నారు, గాలి గోలకి అది వణుకుతుంటే చెవులు మూసి పట్టుకుని. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాలు లేవు, ఉన్న పాలపొడి కలిపి ముందు దానికే పోసేవారు. అంత ముద్దు చేసిన మనిషి ఆయన, డబ్బు కోసం ముఖం చాటేసిన మనిషి కాదు. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే నేను రాసేది ఆయన మీద చాడీలా ఉంటుంది.

మరుసటేడు పాత కుట్టు పక్కనే మళ్లీ తగిలింది. ఈసారి దగ్గు కూడా. ఎక్స్‌రేలో గుండ్రటి తెల్లమచ్చలు కనపడ్డాయి. కొత్త డాక్టరు మొట్టమొదట అడిగింది "పాత గడ్డ రిపోర్టు ఏదీ?" అని. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అదే మళ్లీ వచ్చిందా, కొత్తదా, మొదటిసారి అంచుల దాకా పూర్తిగా తీశారా, అందులోనే మిగిలిపోయిందా, ఏదీ తెలిసే దారి లేదు. రిపోర్టు ఉంటే పింకీ బతికేదని నేను అనను. నర్సుని, అలాంటి మాటలు అనలేను. కానీ తెలిసి ఉంటే మూడేసి నెలలకోసారి ఛాతీ చూపించేవాళ్లం, అంచుల్లో మిగిలుంటే మళ్లీ తీయించేవాళ్లం, లేదా పాకే రకమని తెలిసి మనసు చిక్కబట్టుకునేవాళ్లం. ఏదీ లేకుండా ఏడాదంతా నిశ్చింతగా తిరిగాం. పింకీ పోయాక కూడా చాన్నాళ్లు ఆయన్ని సాధించాను. ఒకరోజు ఆయన పాత ఎక్స్‌రే కవరు తీసి వెలుతురుకి పెట్టి చూసుకుంటూ కనపడ్డారు, ఏం తెలుస్తుందని చూశారో, అప్పట్నుంచి ఆ మాట ఎత్తడం మానేశాను.

అందుకని అమ్మలూ, జున్ను నుంచి ఏది తీసినా, ఎంత చిన్న ముక్కైనా, హిస్టోపెథాలజీకి, అంటే ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకి వెళ్లాలి. అంచులు శుభ్రంగా వచ్చాయా, అంటే కోసిన అంచుల్లో గడ్డ ఏమీ మిగల్లేదా అన్నది రిపోర్టులో రాయమను. "చూస్తుంటేనే తెలిసిపోయిందండీ" అంటే నమ్మకు, కంటితో చూసి చెప్పగలిగితే మైక్రోస్కోప్‌లెందుకు.

మిగతావి గబగబా చెప్తా. పొద్దున ఏమీ పెట్టొద్దు, నీళ్లు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో డాక్టర్ని అడుగు. గర్భసంచి కూడా అప్పుడే తీస్తారా అని అడుగు, ముందుముందు అందులో చీము పట్టే భయం పోతుంది. మొదటి హీట్‌కి, అదే మొదటిసారి ఎదకి రాకముందే, తీయించి ఉంటే ఈ గడ్డలొచ్చేవి కావు కదా అని ఎవరైనా జ్ఞానం చెప్తారు. నిజమే, చాలావరకు తగ్గేవి. తొమ్మిదేళ్ల కుక్కకి ఇప్పుడది చెప్పి ఏం లాభం, నువ్వు దాని గురించి ఏడవకు.

ఆపరేషన్ కన్నా ఆ రాత్రంటేనే నాకు భయం. బల్ల మీద ఉన్నంతసేపూ అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. ఆ తర్వాత? రాత్రి అక్కడ ఎవరుంటారో అడుగు. "ఉంటారండీ" అంటే సరిపోదు, ఎవరో పేరు అడుగు. తాళం వేసి వెళ్లిపోయే చోటైతే, పూర్తిగా తెలివొచ్చాక ఇంటికి తెచ్చుకో, లేదా నిన్నక్కడ కూర్చోనివ్వమను. ఏసీ వద్దు, మత్తులో ఒళ్లు చల్లబడిపోతుంది, దుప్పటి కప్పు. బొటనవేలితో చిగుళ్ల మీద నొక్కి వదులు, తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకి రావాలి. జున్నుకి చిగుళ్లు నల్లమచ్చలుంటాయి కదా, మచ్చ లేని చోట నొక్కు, లేకపోతే కింది కనురెప్ప లాగి లోపల రంగు చూడు. పాలిపోయి ఉన్నా, రంగు తిరిగి రావడం ఆలస్యమైనా తెల్లవారేదాకా ఆగకు, డాక్టర్ని నిద్ర లేపు. ఆపరేషన్‌కి ముందే ఇప్పుడు రోజూ ఒకసారి నొక్కి అలవాటు చేసుకో, మామూలుగా ఎలా ఉంటుందో తెలియకపోతే తేడా ఏం తెలుస్తుంది.

నొప్పికి డాక్టరిచ్చిన మాత్రే. కాంబిఫ్లామ్, బ్రూఫెన్ లాంటివి మన డబ్బాలోంచి తీసి అరముక్క వేసేవు, కడుపులో పుండ్లు పడి కిడ్నీలు పోతాయి. కుట్ల మీద పసుపు వద్దు, మీ అమ్మ రాస్తానంటుంది, చెయ్యి పట్టుకో. పెరుగన్నంలో ఉడికించిన చికెన్ కలిపి పెట్టు, ఉల్లిపాయ, వెల్లుల్లి తగలనివ్వకు. మీ ఫ్లాట్‌లో ఆ నున్నటి టైల్స్ మీద జారితే కుట్లు ఊడతాయి, పాత కార్పెట్టో గోనెసంచులో పరువు. మెడకి ఆ ప్లాస్టిక్ కోన్ పెడతారు, కుట్లు విప్పేదాకా, పది నుంచి పద్నాలుగు రోజులు, తీయకూడదు. "పాపం అత్తా, గోడలకి గుద్దుకుంటోంది" అని నువ్వు తీసేస్తావని నాకు తెలుసు, నీ మనసు నాకు తెలియదా. నువ్వలా వంటింట్లోకెళ్లి వచ్చేలోపు నాకి నాకి కుట్లు విప్పేసుకుంటుంది. రుషికొండ బీచ్‌కి అప్పుడే తీసుకెళ్లకు, ఇసకలో పొర్లకుండా అది ఉండలేదు.

ఖర్చు గురించి మీ నాన్నతో వాదించకు. ఆపరేషన్‌కెంత, పరీక్షలకెంత, మందులకెంత, మళ్లీ చూపించుకోడానికెంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకో. ల్యాబ్ డబ్బులు నావి. దీనికి అడ్డం చెప్పావో, నీతో మాట్లాడను.

ఎక్స్‌రేల్లో ఏదైనా కనపడితే, ఆపరేషన్ వద్దనుకుంటే, అది కూడా జున్నుని చూసుకోవడమే. నొప్పి తగ్గే మందులున్నాయి. పొద్దున్నే నీ చెప్పు ఎత్తుకుపోయి బాల్కనీలో దాచడం మానేసిన రోజు నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు కూర్చుని ఆలోచిద్దాం. అప్పటిదాకా ముందే ఊహించుకుని ఏడవొద్దు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే నేనూ మావయ్యా మధురవాడ వచ్చేస్తాం. ఫార్మలిన్ డబ్బా వాళ్ల దగ్గర ఉందో లేదో ముందే కనుక్కో, గడ్డకి పదింతలు మందు పట్టేంత పెద్దది కావాలి. కోయడం మొదలుపెట్టకముందే డబ్బా మీద జున్ను పేరు, తేదీ, ఏ పక్క ఎన్నో చన్నో రాసి ఉండాలి. డబ్బా ల్యాబ్‌కి తనే పట్టుకెళ్తానంటున్నారు మావయ్య. వద్దనకు.

ఎక్స్‌రేలు ఎప్పుడో రేపు సాయంత్రంలోగా చెప్పు.

అత్త