మినిమమ్ డ్యూ కడుతూ రెండేళ్లు గడిచాయి, కార్డు అప్పు తీరే దారి ఏది?

మీరు అడిగింది ఇదీ: జీతం 42 వేలు, రెండు కార్డుల మీద కలిపి 2 లక్షల 80 వేల బాకీ, రెండేళ్లుగా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నారు, ఇంట్లో ఎవరికీ తెలియదు. దీంట్లోంచి ఎలా బయటపడాలి, ఆ తర్వాత కార్డు లేకుండా నెట్టుకురాగలమా అని.

రాగలం. నేను వచ్చాను. 2021 జూన్‌లో నాకు మూడు కార్డుల మీద 3 లక్షల 12 వేల బాకీ ఉండేది. చేతికొచ్చే జీతం 46 వేలు, కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు, బడికెళ్లే పాప. 2023 జూలైకి ఒక్క రూపాయి లేకుండా తీరిపోయింది. ఆ రెండేళ్లలో ఏం చేశానో, ముందు ఏం చేసి మునిగానో రెండూ చెప్తాను. రెండోదే మీకు ఎక్కువ పనికొస్తుందేమో.

నాకు మొదలైంది నాన్నగారి మోకాలి ఆపరేషన్‌తో. ఆయనకు ఇన్సూరెన్స్ లేదు, హాస్పిటల్లో లక్షా పదివేలు కార్డు గీకాను. నాలుగు నెలల్లో కట్టేస్తాననుకున్నాను. పాప స్కూల్ ఫీజుకి రెండో కార్డు, రెండో కార్డు బిల్లు కట్టడానికి మూడోది. మూడు కార్డులకూ కలిపి నెలకు 16 వేల దాకా మినిమమ్ కడుతూ, ఒక్క నెల కూడా లేటు చేయలేదు కాబట్టి నేను బాగానే ఉన్నానని అనుకునేవాణ్ణి.

ఒకసారి లెక్క చూడండి. నా కార్డులకు నెలకు మూడున్నర శాతం వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే లక్ష రూపాయల బాకీకి నెలకు 3,500 వడ్డీ, 630 పన్ను, మొత్తం 4,130. మినిమమ్ డ్యూ అంటే మామూలుగా బాకీలో 5 శాతం, 5,000. ఆ ఐదు వేలు కడితే అసలులో తగ్గేది 870 రూపాయలు. నా 3 లక్షల 12 వేల మీద నెలకు దాదాపు 12,900 వడ్డీకే పోయేది. మీ 2 లక్షల 80 వేలకు కూడా ఇదే రేటు ఉంటే నెలకు 11,500 పైనే. మీ స్టేట్‌మెంట్‌లో ఫైనాన్స్ ఛార్జెస్ అని ఒక వరుస ఉంటుంది, దాన్నీ దాని కింద జీఎస్టీనీ కలిపి చూడండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. 45, 50 రోజులు వడ్డీ ఉండదని చెప్తారే, అది పోయిన నెల బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే. పాత బాకీ ఒక్క వెయ్యి మిగిలి ఉన్నా, ఈ రోజు గీకిన కూరగాయల బిల్లుకు కూడా ఈ రోజు నుంచే వడ్డీ పడుతుంది. నేను మూడేళ్లు అలాగే గీకాను.

ఇక అన్నిటికంటే ఎక్కువగా నన్ను ముంచింది రొటేషన్. అమీర్‌పేటలో ఒక సందులో మొబైల్ షాపు ఉండేది. కార్డు ఇస్తే ఫోన్ కొన్నట్టు మెషీన్‌లో గీకి, రెండున్నర శాతం కమిషన్ తీసుకుని మిగతాది క్యాష్ చేతిలో పెట్టేవాడు. బిల్లు గడువు దగ్గర పడితే ముందు వాడే మన బిల్లు కట్టేస్తాడు, అరగంటలో ఆ మేరకు లిమిట్ మళ్లీ వాడుకోడానికి రాగానే కమిషన్‌తో సహా మళ్లీ గీకేస్తాడు. గ్లాస్ కౌంటర్ మీద నా కార్డుతో పాటు ఇంకా పది పదిహేను కార్డులు రబ్బరు బ్యాండ్ వేసి ఉండేవి. వాటి వెనక పెన్నుతో పిన్ నంబర్లు రాసి ఉండేవి. మన కార్డు, మన ఓటీపీ, ఎవరో తెలియని మనిషి చేతిలో. అప్పుడు నాకు అదంతా సాయంలా కనిపించింది. ఆ షాపుకు వెళ్లిన ప్రతిసారీ అప్పు పెరిగింది తప్ప తగ్గలేదు, ఎందుకంటే వడ్డీ పైన కమిషన్ కూడా నా బాకీలోనే కలిసేది. పైగా అలా గీకడం కార్డు నిబంధనలకే విరుద్ధం, తెలిస్తే బ్యాంకు కార్డు బ్లాక్ చేస్తుంది. మీరు ఇలాంటిది ఏదైనా చేస్తుంటే మిగతా సలహాలన్నీ పక్కన పెట్టి ముందు ఇది ఆపండి. ఇది ఆగకుండా ఏ లోను తెచ్చి పోసినా నిలవదు.

తర్వాత ఇంట్లో చెప్పడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు.

నేను మూడేళ్లు దాచాను. బాత్రూంలోకి వెళ్లి బ్యాంకు ఫోన్లు మాట్లాడేవాణ్ణి. ఒక ఆదివారం బ్యాంకు వాళ్ల ఫోన్ మా ఆవిడ ఎత్తింది. ఇక దాచలేక స్టేట్‌మెంట్లన్నీ ప్రింట్ తీసి ముందు పెట్టాను. అరుస్తుందనుకున్నాను. ఏమీ అనలేదు. పాల లెక్క రాసే నోట్‌బుక్ తెచ్చి, వెనక పేజీలో మూడు గడులు గీసి, ఏ కార్డుకు ఎంత బాకీ, ఎంత వడ్డీ అని నన్ను ఒక్కొక్కటీ చెప్పమంది. చివరన కూడి, పెన్ను పక్కన పెట్టి, "మామయ్యగారి ఆపరేషన్ అప్పుడే చెప్పి ఉంటే గొలుసు అప్పుడే ఇచ్చేదాన్ని కదండీ, ఇన్నాళ్లు ఒక్కరే ఎందుకు మోశారు" అంది. దాని ముందు నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో కూడా ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను, గొడవ అయినా అవుతుంది. కానీ 42 వేల జీతంలో నెలకు పదిపన్నెండు వేలు వడ్డీకే పోతున్న సంగతి తెలియని మనిషితో కలిసి ఖర్చు తగ్గించుకోవడం కుదరదు. ఏ దారి పట్టినా ఇద్దరూ కలిసి పట్టాలి.

మరుసటి వారం ఇద్దరం బ్యాంకులో గోల్డ్ లోన్‌కి వెళ్లాం. తను పుస్తెలు తీసి పసుపుతాడుకు కట్టుకుని, గొలుసూ రెండు గాజులూ చీరకొంగులో ముడివేసుకుని తెచ్చింది. అప్రైజర్ వాటిని గీటురాయి మీద రుద్ది, యాసిడ్ చుక్క వేసి చూసి, నల్లపూసల బరువు తీసేసి 48 గ్రాములని రాశాడు. అప్పటి రేటుకు గ్రాముకు 3,400 చొప్పున 1 లక్షా 63 వేలు వచ్చాయి. ఏడాదికి 9 శాతం వడ్డీ. కార్డు మీద ఏడాదికి 42 శాతం, ఇక్కడ 9 శాతం. ఆ సాయంత్రమే లక్షా 48 వేలున్న పెద్ద కార్డు పూర్తిగా కట్టేశాను, మిగిలిన 15 వేలు లక్షా రెండు వేలున్న రెండో కార్డుకు వేశాను.

రెండో కార్డులో మిగిలిన 87 వేలకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఈఎంఐ చేయమని అడిగాను. మనం అడిగితే చాలా బ్యాంకులు చేస్తాయి. 15 శాతం మీద 24 నెలలు, నెలకు 4,200 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి, ముందే అడిగి రాసుకోండి. 62 వేలున్న మూడో కార్డును మాత్రం జీతంలోంచే కట్టాలని నిర్ణయించుకున్నాం.

అదివరకు కట్టే 16 వేలే కట్టాం, ఎక్కువ కట్టలేదు. ఈఎంఐకి 4,200, గోల్డ్ లోన్ వడ్డీకి 1,200, మిగిలిన పదివేల ఐదొందలు మూడో కార్డుకు. ఏడు నెలలకు, 2022 జనవరిలో ఆ కార్డు సున్నా అయింది. మొదటి నెలే మొత్తం వడ్డీ 12,900 నుంచి ఐదు వేలకు దిగింది, అందుకే అదే డబ్బుతో అప్పు కరిగింది. తర్వాత ఆ పదివేలూ ప్రతి నెలా గోల్డ్ లోన్ అసలుకు జమ చేస్తూ పోయాం, మధ్యలో ఏడాదికి ఒకసారి రెన్యువల్ చేయించాం. 2023 మేలో నగలు విడిపించుకున్నాం. ఈఎంఐ జూలైలో అయిపోయింది.

మీ ఇంట్లో బంగారం లేకపోతే జీతం మీద పర్సనల్ లోను అడగండి, అది కూడా కార్డు వడ్డీలో సగానికన్నా తక్కువకే దొరకొచ్చు. చిట్టీ పాడే ఉద్దేశం ఉంటే పాటలో ఎంత పోతోందో చూసి లెక్క వేసుకోండి. ఏ డబ్బు తెచ్చినా అది నేరుగా కార్డుకే వెళ్లాలి, ఆ కార్డు అదే రోజు చేతిలోంచి పోవాలి. బాకీ తీర్చి కార్డు పర్సులో ఉంచుకున్న మా ఆఫీసు మిత్రుడు ఏడాదిలో మళ్లీ అదే లిమిట్ దగ్గరికి వచ్చాడు, ఈసారి పర్సనల్ లోను కూడా నెత్తిన ఉంది.

కార్డు మూయించేటప్పుడు ఒక చిన్న విషయం. బిల్లు మొత్తం కట్టాక కూడా నాకు తర్వాతి నెల 612 రూపాయల బిల్లు వచ్చింది. స్టేట్‌మెంట్ తేదీకీ, నేను కట్టిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ అది. అది చూడకుండా వదిలేస్తే దాని మీద లేటు ఫీజులు పెరుగుతాయి. కాబట్టి ఒక నెల ఆగి, సున్నా చూసుకుని, అప్పుడు క్లోజ్ చేయమని మెయిల్ పెట్టండి. వార్షిక ఫీజు తీసేస్తామనీ, లిమిట్ పెంచుతామనీ ఫోన్లు వస్తాయి. ఒద్దని ఒక్క మాట చెప్పండి. బాకీ లేనప్పుడు అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలని ఆర్‌బీఐ 2022లో నిబంధన పెట్టింది, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మనకు ఇవ్వాలి. నో డ్యూస్ లెటర్ తీసుకుని దాచుకోండి.

సెటిల్‌మెంట్ ఆఫర్ వస్తే తొందరపడొద్దు. సగం కడితే చాలంటారు, కానీ మన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది, తర్వాత ఇంటి లోనుకు వెళ్తే అదే అడ్డం వస్తుంది. ఉద్యోగం పోయి వేరే దారే లేనివాళ్ల మాట వేరు, మీకు జీతం వస్తోంది. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బూతులు మాట్లాడకూడదు, బంధువులకు ఫోన్ చేసి పరువు తీయకూడదు. అలా చేస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు.

కార్డు లేకుండా ఎలా అంటారా. రోజువారీ బతుక్కి యూపీఐ, డెబిట్ కార్డు సరిపోతున్నాయి. రైలు టికెట్లు, కరెంటు బిల్లు, ఫాస్టాగ్, అన్నీ వాటితోనే. పండగ సేల్‌లో కొన్ని డిస్కౌంట్లు కార్డు ఉన్నవాళ్లకే ఇస్తారు, అవి పోతాయి, పోనివ్వండి. మీ యూపీఐ యాప్‌లో రూపే క్రెడిట్ కార్డు గానీ, పే లేటర్ గానీ లింక్ అయి ఉంటే ఇవాళే తీసేయండి, చేతి అలవాటులో అవే ముందు నొక్కుతాం.

అసలు ఇబ్బంది ఎమర్జెన్సీ. మేం అప్పు మొత్తం తీరిన నెల నుంచే 4,000 రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాం, దాన్ని వేరే బ్యాంకులో పెట్టి ఆ యాప్ నా ఫోన్లో ఉంచలేదు. అమ్మానాన్నలిద్దరికీ హెల్త్ పాలసీ తీసుకున్నాం, ప్రీమియం భారమే, అయినా తీసుకున్నాం. పోయినేడు అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు హాస్పిటల్ కౌంటర్ దగ్గర పాలసీ కాగితం ఇచ్చి, మిగిలిన తేడా డెబిట్ కార్డుతో కట్టాను. పిన్ కొడుతున్నప్పుడు, 2018లో ఇలాంటి కౌంటర్ దగ్గరే నిలబడ్డ రోజు గుర్తొచ్చింది.

మీ రెండు కార్డులకు విడివిడిగా బాకీ, నెల వడ్డీ, ఇంట్లో బంగారం ఉందో లేదో కింద రాయండి. ఏది ముందు కట్టాలో లెక్క వేసి చెప్తాను.